రాగిరేకు మీద కూలివాడి బొమ్మ

సముద్రపు ఒడ్డు. ఒడ్డుకు ఆనుకుని ఒక విదేశీ పడవ. పడవ నిండా గోధుమ బస్తాలు. మేలురకం గింజలు, యాభై షిల్లింగులకే ఇస్తాం, తీసుకోండి అంటున్నారు పడవలోని వాళ్లు. ఒడ్డున నిలబడ్డ భూస్వాములు మాత్రం ససేమిరా అంటున్నారు. మీరు ఏ ధరకిచ్చినా మాకొద్దు, మా గింజలు ఎనభై షిల్లింగులకు అమ్ముడుపోవాల్సిందే, ఆ ధరకు కొనలేని బీదాబిక్కీ ఉంటే పస్తులుండనీ అన్నది వాళ్ల జవాబు. వాళ్ల వెనకాల గోదాము. అందులో బస్తాలు కిక్కిరిసి ఉన్నాయి. ఎవరూ కొనకపోతే మేమేం చేసుకుంటామంటూ పడవవాళ్లు ధాన్యాన్ని నీళ్లలో పారబోస్తున్నారు.

ఇదంతా చూస్తూ పక్కనే ఒక బీద కుటుంబం నిలబడి ఉంది. భార్య, పిల్లలతో ఒక కష్టజీవి. అతను దొరలతో వాదన పెట్టుకోడు. నేనిక్కడ ఆకలితో చావను, ఎవరి కోసం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నానో వాళ్లే నన్ను నలిపేస్తున్న ఈ దేశం వదిలి, మనిషిని మనిషిగా చూసే చోటికి పోతాను అన్నట్టు అతని నోటి దగ్గర రాసి ఉంటుంది.

ఈ బొమ్మ అచ్చయింది 1815 మార్చి 3న, లండన్‌లో. గీసినవాడు జార్జ్ క్రూక్‌షాంక్. అప్పటికి ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఊరు విడిచి, అప్పుచేసి, విమానమెక్కి వచ్చిన మనకు ఆ కుటుంబం ముఖాలు కొత్తగా అనిపించవు. ఇంగ్లండు అంటే దొరల దేశం అనే చిన్నప్పట్నుంచీ విన్నాం. ఆ దేశంలోనూ బతుకుదెరువు కోసం ఊరొదిలిన కూలీలు ఉండేవారని, వాళ్ల బొమ్మలు రాగిరేకుల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయని నాకు తెలిసింది లండన్ వచ్చాకే. బ్రిటిష్ మ్యూజియంలో పాత అచ్చు బొమ్మలు చూపించే గది ఒకటుంది. ఒక సెలవురోజున అక్కడ కూర్చుని 19వ శతాబ్దపు పల్లె బొమ్మలు తిరగేశాను. తిరగేస్తున్నంతసేపూ మనసులో ఒకటే ప్రశ్న. ఈ బొమ్మలో కూలివాడు ఎక్కడున్నాడు, ఎంత ఉన్నాడు?

మైనం, సూది, ఆమ్లం

ముందు ఈ ‘ఎచింగ్’ అంటే ఏమిటో చెప్పుకుందాం. పెళ్లి సామాను మీద పేర్లు కొట్టించడం మనకు తెలుసు. ఉలితో టకటకా కొడతారు. ఎచింగ్ అలా కాదు. నునుపైన రాగిరేకు మీద మైనం, లక్కలాంటివి కలిపిన పూత పూస్తారు. దానికి పొగ పట్టించి నల్లబరుస్తారు. ఆ నలుపు మీద సూదితో బొమ్మ గీస్తే గీసినచోటల్లా మైనం లేచిపోయి రాగి మెరుస్తుంది. తర్వాత రేకును ఆమ్లంలో వేస్తారు. మైనం ఉన్నచోట ఆమ్లం ఏమీ చేయలేదు. గీత పడ్డచోట మాత్రం రాగిని తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, నల్లగా వస్తుంది. తొందరగా తీస్తే సన్నగా, లేతగా వస్తుంది. ఆ గీతల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ కాగితం మీదకు దిగుతుంది. అదీ కుడి ఎడమలు తారుమారై.

బలంగా ఉలి నొక్కి రాగిని తొలిచే పనికి ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. ఎచింగ్ సూది పెన్సిల్లా చేతికి లొంగుతుంది. అందుకే చిత్రకారులు ఎవరి రేకు వాళ్లే గీసుకోగలిగారు. ఒక్కో రేకు నుంచి వందల కాపీలు. అంటే బొమ్మ ఒక దొరగారి గోడకే పరిమితం కాకుండా బజారులోకి వచ్చింది.

బజారు అంటే ఎవరి బజారు? క్రూక్‌షాంక్ కాలంలో ఇలాంటి వ్యంగ్య చిత్రం రంగులు వేయకుండా అయితే ఒక షిల్లింగు, రంగులు వేస్తే రెండు. ఆ రోజుల్లో చాలా జిల్లాల్లో వ్యవసాయ కూలీకి వారమంతా కష్టపడితే వచ్చేది పది షిల్లింగులు, అటూ ఇటూగా. అంటే రంగుల బొమ్మ ఒకటి కొనాలంటే ఒక రోజు కూలి చాలదు! అయితే దుకాణాలవాళ్లు కొత్త బొమ్మల్ని కిటికీ అద్దాల వెనక అతికించేవారు. వీధిలో పోయే జనం ఆగి, గుంపుగా చూసి, నవ్వుకుని పోయేవారు. చూడ్డానికి డబ్బులక్కర్లేదు కదా.

క్రూక్‌షాంక్ బొమ్మ వెనక ఉన్న సంగతి ఇది. ఫ్రాన్సుతో ఏళ్లపాటు సాగిన యుద్ధం వల్ల బయటి ధాన్యం రాక తగ్గి, ఇంగ్లండులో గోధుమ ధర పెరిగింది. భూస్వాములు బాగుపడ్డారు. యుద్ధం ఆగగానే ధర పడిపోతుందని భయం పట్టుకుంది. పార్లమెంటు నిండా ఉన్నది వాళ్లే. చట్టం చేసేశారు. స్వదేశీ గోధుమ ధర క్వార్టరుకు 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమ రాకూడదు. క్వార్టరు అంటే రెండు క్వింటాళ్ల పైమాట. ఈ ధాన్యం చట్టం రద్దు కావడానికి 1846 దాకా పట్టింది.

చెట్టూ చేమతోపాటు కూలీ

అందరూ క్రూక్‌షాంక్‌లు కారు. విలియం హెన్రీ పైన్ అనే ఆయన 1800 తర్వాత కొన్నేళ్లపాటు ‘మైక్రోకాజం’ పేరుతో బొమ్మల సంపుటాలు తెచ్చాడు. కోతలు కోసేవాళ్లు, బండి తోలేవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు, రోడ్లు వేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు. వెయ్యికి పైగా చిన్న చిన్న గుంపులు. వంగిన నడుము, భుజం మీద మూట, చెంప మీద చేయి పెట్టుకుని కూర్చున్న తీరు, అన్నీ చక్కగా పట్టుకున్నాడు. ఆనాటి పనిముట్లు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ చరిత్రకారులు ఈ పుస్తకం తెరుస్తారు.

ఇంతకీ ఈ పుస్తకం ఎందుకోసం? ఆ సంగతి పేరులోనే రాసుకున్నాడు. ప్రకృతి చిత్రాలకు అలంకారంగా వాడుకోవడానికట! అంటే మీరు ఒక కొండ, ఒక వాగు, ఒక చెట్టు గీశారనుకోండి. బొమ్మ బోసిగా ఉంది. పైన్ పుస్తకం తెరిచి, ఏ పేజీలోంచో ఒక కూలీని ఎత్తుకొచ్చి చెట్టు కింద పెట్టేయండి. సరిపోతుంది. సినిమాలో పాటకు వెనకాల మూటలు మోస్తూ నడిచే జనం లాగన్నమాట. ఆ కూలీ పేరేమిటి, ఆ రోజు తిన్నాడా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు.

పైన్‌ను తిట్టాలని లేదు. ఆయనేమీ జమీందారీ బిడ్డ కాదు. తోలు వ్యాపారి కొడుకు. చివరి రోజుల్లో అప్పులు తీర్చలేక జైలుకు కూడా వెళ్లాడు. కానీ కొనేవాళ్లకు ఏం కావాలో ఆయనకు తెలుసు. మురికి లేని కూలీ, ఫిర్యాదు లేని కూలీ కావాలి.

ఇదే కాలంలో డేవిడ్ విల్కీ అనే స్కాట్లండు చిత్రకారుడు ఫిర్యాదున్న బొమ్మ వేసి చూశాడు. కౌలు బాకీ పడ్డ రైతు ఇంట్లోకి జప్తు అధికారులు వచ్చి, సామాను లెక్క రాసుకుంటున్న దృశ్యం. 1815లో వేసిన నూనెరంగుల చిత్రం అది. తర్వాత రేకుల మీద చెక్కి అచ్చుబొమ్మగానూ అమ్మారు. రైతు బల్ల దగ్గర చేతికి తల ఆనించి కూర్చుంటాడు. భార్య స్పృహ తప్పేలా ఉంటుంది. ఊళ్లో జప్తు చూసినవాళ్లకు ఈ బొమ్మ ఎవరూ వివరించనక్కర్లేదు. భూస్వాములను వేలెత్తి చూపుతోందని పెద్దమనుషుల్లో కొందరికి అది మింగుడుపడలేదు.

దడి పాతినవాడే దడి బయట

బొమ్మల్లో నాకు బాగా పట్టుకున్నది జాన్ క్రోమ్ వేసిన బీడు. క్రోమ్ తూర్పు ఇంగ్లండులోని నార్విచ్ ఊరివాడు. పుట్టింది 1768లో. తండ్రి నేతగాడు, సారా కొట్టు కూడా నడిపేవాడు. కుర్రాడు మొదట ఒక డాక్టరు దగ్గర మందుల సీసాలు ఇళ్లకు చేరవేసే పనిలో కుదిరాడు. తర్వాత బండ్లకు రంగులు వేసే, దుకాణాలకు సైన్‌బోర్డులు రాసే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడు. మన ఊళ్లలో బోర్డులు రాసే ఆర్టిస్టులు గుర్తొచ్చారా? సరిగ్గా అదే బాపతు. 1803లో నార్విచ్‌లో చిత్రకారుల సంఘం పెట్టింది ఈయన చొరవతోనే.

ఊరి పక్కన మౌస్‌హోల్డ్ హీత్ అనే పెద్ద బీడు ఉండేది. హీత్ అంటే పొదలు, గడ్డి మొలిచే మెట్టనేల. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడ గొర్రెలు, ఆవులు మేపుకునేవారు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవారు. మన పోరంబోకు, బంజరు లాంటిదే అనుకోండి. 1549లో రాబర్ట్ కెట్ అనే ఆయన నాయకత్వంలో వేలమంది రైతులు మకాం వేసింది ఈ బీడు మీదే. ఊరుమ్మడి భూములకు కంచెలు వేసుకుంటున్న భూస్వాముల మీద తిరుగుబాటు అది. తిరుగుబాటును అణచేసి, కెట్‌ను నార్విచ్ కోట మీద ఉరితీశారు.

క్రోమ్ నాటికి ఆ కంచె మళ్లీ వచ్చింది. ఈసారి కత్తులతో కాదు, చట్టంతో. 1604 నుంచి 1914 వరకు బ్రిటన్ పార్లమెంటు ముందుకు ఇలాంటి కంచె బిల్లులు 5,200కు పైగా వచ్చాయి. వాటి కింద 68 లక్షల ఎకరాలు చేతులు మారాయి. వాటిలో అత్యధికం 18వ శతాబ్దం మధ్య నుంచి 19వ శతాబ్దం తొలి దశకాల దాకా చేసినవే. కాగితం ఉన్నవాడికి భూమి వచ్చింది. తాతల నాటి నుంచి ఆవును మేపుకుంటున్నా చేతిలో కాగితం లేనివాడికి ఏమీ రాలేదు. ఆవును అమ్ముకుని కూలికి పోయాడు.

మౌస్‌హోల్డ్‌కూ కంచెలు పడుతున్న రోజుల్లోనే, 1810 ప్రాంతంలో క్రోమ్ దాన్ని రాగిరేకు మీద గీశాడు. కంచెలు లేవు. విశాలమైన నేల, దాని మీద కాలిబాటలు, పైన ఆకాశం. పోతున్నదాన్ని పోకముందే ఒకసారి కళ్లారా చూసుకున్నట్టు ఉంటుంది. చందాదార్లను చేర్చుకుని ఈ రేకులన్నీ పుస్తకంగా తేవాలని 1812లో ప్రకటన కూడా ఇచ్చాడు. కానీ బతికుండగా తేలేకపోయాడు. 1821లో చనిపోయాడు. 1834లో పుస్తకం వచ్చింది. ఆ తర్వాత అమ్మకాల కోసం కొన్ని రేకులను వేరేవాళ్లతో సరిదిద్దించారు కూడా. సైన్‌బోర్డుల ఆర్టిస్టు గీత పెద్దమనుషులకు మరీ మోటుగా కనిపించింది కాబోలు.

ఇక టర్నర్. క్షురకుడి కొడుకుగా పుట్టి, ఇంగ్లండు చిత్రకారుల్లో అందరికంటే గొప్ప పేరు తెచ్చుకున్నవాడు. 1807 నుంచి 1819 దాకా ఆయన ‘లిబర్ స్టూడియోరం’ అని ఒక వరుస బొమ్మలు విడుదల చేశాడు. 71 బయటికొచ్చాయి. సాధారణంగా గీతలు ఆయనే ఎచింగ్ చేసేవాడు, పైన వెలుగునీడలు వేరే పనివాళ్లు వేసేవారు. (అన్నట్టు ఇందులో హిందూ భక్తుల బొమ్మ కూడా ఒకటుంది. టర్నర్ ఇండియాకు ఎప్పుడూ రాలేదు!)

ఈ వరుసలో 1812 నాటి బొమ్మ ఒకటుంది. దడి కట్టడం, దాని పక్కన కాలువ తవ్వడం అని పేరు. బక్కచిక్కిన చెట్లు, గట్టు దగ్గర పనిలో ఉన్న కూలీలు. అంతే. అందం లేదు, పాట లేదు. మొదట చూసినప్పుడు ఇందులో ఏముందని పక్కన పెట్టేశాను. కంచెల చట్టాల సంగతి చదివాక మళ్లీ తీసి చూశాను. చట్టం అయిపోయాక భూమికి హద్దులు కట్టాలి కదా. మైళ్ల కొద్దీ ముళ్లదడులు పాతాలి, కాలువలు తవ్వాలి. ఆ పని ఎవరు చేశారు? ఆ భూమిలో నిన్నటిదాకా ఆవును మేపుకున్నవాడే, రోజుకూలికి! తనను బయట పెట్టే దడిని తన చేతులతోనే పాతాడు. టర్నర్ ఆ అర్థంతోనే వేశాడని నేననను. కానీ ఆ బొమ్మలో కూలీ అలంకారం కాదు. అతను లేకపోతే ఆ బొమ్మే లేదు.

వెన్నెల్లో గొర్రెలు, వెలుగులో గడ్డివాములు

శామ్యూల్ పామర్ సంగతి వేరు. ఈయన ఎచింగులు చూస్తే ఎవరికైనా ఇల్లు గుర్తొస్తుంది. వెన్నెల రాత్రి గొర్రెలను దొడ్లోకి తోలి తలుపు మూస్తున్న కాపరి, తెల్లవారుజామున ఎడ్లతో నాగలి దున్నుతున్న రైతు, మునిమాపు వేళ గంట మోగిస్తూ ఊరి వీధిలో నడిచిపోయే మనిషి. ఒక్కో రేకు మీద నెలలు, ఏళ్లు కూర్చునేవాడు. జీవితం మొత్తంలో పూర్తిచేసినవి పదమూడే. నలుపులో చుక్కలు చుక్కలుగా కాగితం తెలుపు వదిలేస్తాడు. ఆ చుక్కల్లోంచి వెలుగు కారుతున్నట్టుంటుంది. ఎడ్లతో దున్నే బొమ్మ ముందు చాలాసేపు కూర్చుండిపోయానని ఒప్పుకోవాలి.

పామర్ కెంట్ జిల్లాలోని షోరం అనే పల్లెలో 1820ల చివర్నుంచి 1835 దాకా ఉన్నాడు. తర్వాత ఎక్కడున్నా, ఆ పల్లెనే తలుచుకుంటూ గీశాడు. ఎచింగ్ మొదలుపెట్టింది 1850లో. అంటే ఊరు వదిలి పదిహేనేళ్లు గడిచాక. మధ్యలో ఇటలీ వెళ్లొచ్చాడు కాబట్టి కొన్ని బొమ్మల్లో ఇంగ్లండు రైతు వెనకాల ఇటలీ చెట్లు మొలిచాయి. మనం కూడా అంతే కదా. ఎడారి క్యాంపులో పడుకుని ఊరిని తలుచుకుంటే చెరువు ఎప్పుడూ నిండే ఉంటుంది.

ఆయన షోరంలో ఉండగానే ఏం జరిగిందో చూడండి. 1830 వేసవిలో అదే కెంట్ జిల్లాలో కూలీలు తిరగబడ్డారు. పంట నూర్చే మిషన్లు వచ్చాయి. అంతకుముందు చలికాలమంతా కళ్లంలో కర్రలతో కొట్టి గింజ రాల్చడమే కూలీకి పని. మిషన్ వస్తే ఆ నెలలు పస్తే. ఆగస్టు చివర్లో కాంటర్బరీ దగ్గర మొదటి మిషన్‌ను పగలగొట్టారు. రాత్రిళ్లు గడ్డివాములు అంటుకున్నాయి. ‘కెప్టెన్ స్వింగ్’ అనే లేని మనిషి పేరుతో రైతులకు, దొరలకు బెదిరింపు ఉత్తరాలు వెళ్లాయి. అడిగింది ఏమంత పెద్దది కాదు, రోజుకు రెండున్నర షిల్లింగుల దాకా కూలి. అల్లర్లు దక్షిణ ఇంగ్లండు అంతా పాకాయి. సర్కారు 19 మందిని ఉరితీసింది. దాదాపు 480 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా శిక్షా వలసలకు పంపింది. 1834లో టోల్‌పడిల్ అనే ఊళ్లో ఆరుగురు కూలీలు కూలి తగ్గించొద్దని సంఘం కట్టుకుంటే, ప్రమాణం చేయించారన్న నేరం మోపి వాళ్లకూ ఏడేళ్ల ప్రవాస శిక్ష వేసింది.

పామర్ ఇవేవీ చూడలేదా? చూశాడు. 1832 ఎన్నికలప్పుడు వెస్ట్ కెంట్ ఓటర్లకు ఒక కరపత్రం కూడా రాశాడు. అందులో గడ్డివాములు తగలబెట్టేవాళ్లను, మార్పు కావాలనేవాళ్లను తిట్టిపోశాడు. పాత పద్ధతులే ఉండాలన్నాడు. కూలీలకు అప్పటికి ఓటు లేదు, కరపత్రం వాళ్లకు కాదు కూడా. తర్వాత ఎచింగుల్లో మంటలు గీయలేదు. వెన్నెల గీశాడు. నాకు పామర్ బొమ్మలంటే ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆ కాపరి దొడ్డి తలుపు మూస్తున్నప్పుడు, కొండ అవతల ఎర్రగా కనిపిస్తున్నది చంద్రోదయమా, గడ్డివామా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది.

ఆ కాలంలోనే కూలీలను దేశం దాటించడం ఒక పథకంగా కూడా సాగింది. 1832 నుంచి 1837 వరకు ససెక్స్ జిల్లా పెట్‌వర్త్ ప్రాంతం నుంచి దాదాపు 1,800 మందిని కెనడాకు పంపారు. దన్నుగా నిలిచింది ఎగ్రిమాంట్ ప్రభువు. టర్నర్‌ను ఇంట్లో పెట్టుకుని బొమ్మలు వేయించుకున్న దొర ఈయనే. బిచ్చం పన్ను భారం తగ్గుతుందని ఊరి పెద్దలు సంతోషించారు. వెళ్లినవాళ్లు ఇంటికి ఉత్తరాలు రాశారు. సరిగ్గా ఆ దశకాల్లోనే మన గోదావరి ఒడ్డు కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లను ఓడలెక్కించి మారిషస్ చెరకుతోటలకు తీసుకుపోయారు.

గినీల బొమ్మలు, గుంపు మేస్త్రి

శతాబ్దం సగం దాటేసరికి ఎచింగ్ బజారు సరుకు కాకుండా పోయింది. వ్యంగ్య చిత్రాలు చవక పత్రికల్లోకి, చెక్క దిమ్మెల మీదికి వెళ్లిపోయాయి. ఎచింగ్ పెద్దింటి డ్రాయింగ్ రూములోకి చేరింది. 1838లో పెట్టిన ఎచింగ్ క్లబ్, 1841లో గోల్డ్‌స్మిత్ కావ్యం ‘డెజర్టెడ్ విలేజ్’కు బొమ్మలు వేసి అచ్చేసింది. కావ్యమేమో భూములు పోయి, ఊరు ఖాళీ అయి, జనం సముద్రాలు దాటిపోయిన కథ. పుస్తకమేమో కలవారు బల్లమీద పెట్టుకునే కానుక.

సేమోర్ హేడెన్ అనే లండన్ సర్జన్ ఖాళీ వేళల్లో ఎచింగ్ చేసేవాడు. బాగా చేసేవాడు. 1880లో చిత్రకార ఎచింగ్‌కారుల సంఘాన్ని స్థాపించాడు. తక్కువ కాపీలు వేయడం, సంతకం చేయడం, తర్వాత రేకును గీతలు కొట్టి పాడుచేయడం, ఇలా ధర పెంచే పద్ధతులన్నీ ఈ కాలంలోనే స్థిరపడ్డాయి. లెక్క గినీల్లోకి మారింది. ఒక గినీ అంటే 21 షిల్లింగులు. 1870ల మొదట్లో వార్విక్‌షర్ కూలీకి వారానికి 12 షిల్లింగులు.

హేడెన్ 1860లో ఐర్లండు వెళ్లి ‘టిపరేరీలో ఒక పక్కదారి’ అని ఒక ఎచింగ్ చేశాడు. పెద్ద పెద్ద చెట్లు, మొదళ్లు, కొమ్మలు, వాటి మధ్య దారి. సూది పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఐర్లండు కరువు ముగిసింది. 1845 నుంచి 1852 వరకు బంగాళాదుంప పంట కుళ్లి, సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది దేశం విడిచారు. టిపరేరీ దారుల్లో ఎంతమంది మూటలతో నడిచి ఉంటారో. బొమ్మలో చెట్లదే రాజ్యం.

రాబర్ట్ వాకర్ మక్బెత్ ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. ఈయన ఎచింగ్‌లో ఆరితేరినవాడు, రంగుల చిత్రాలూ వేసేవాడు. 1876లో రాయల్ అకాడెమీలో ‘లింకన్‌షర్ గ్యాంగ్’ అనే చిత్రం పెట్టాడు. గ్యాంగ్ అంటే రౌడీలు కాదు. తూర్పు జిల్లాల్లో ఆడవాళ్లను, పిల్లలను గుంపుగా పోగుచేసి, పొలం పొలం తిప్పి కలుపు తీయించే, రాళ్లు ఏరించే పద్ధతి. గుంపుకొక గ్యాంగ్‌మాస్టర్. రైతు దగ్గర గుత్తకు పని పట్టుకుని, కూలీలకు తనకు తోచినంత ఇచ్చి, మిగిలింది జేబులో వేసుకుంటాడు. మన పాలమూరు కూలీలకు ఈ మనిషిని పరిచయం చేయాలా? గుంపు మేస్త్రి! మలయా తోటల్లో కంగాణీ, ఇక్కడ గ్యాంగ్‌మాస్టర్, పేరేదైతేనేం. పసిపిల్లలను మైళ్ల దూరం నడిపిస్తున్నారని గొడవ కావడంతో 1867లో చట్టం చేశారు. ఎనిమిదేళ్లలోపు పిల్లలను పెట్టుకోకూడదు, ఆడా మగా ఒకే గుంపులో ఉండకూడదు, గ్యాంగ్‌మాస్టర్‌కు లైసెన్సు ఉండాలి.

అయితే ఆనాటి డ్రాయింగ్ రూముల కోసం మక్బెత్ పెద్ద సైజు రేకు మీద గీసిందేమిటి? జార్జ్ మేసన్ అనే మరో చిత్రకారుడి ‘హార్వెస్ట్ మూన్’. కోతలు ముగించుకుని నిండు చంద్రుడి కింద కొడవళ్లు భుజాన వేసుకుని ఇంటికి పోతున్న కూలీలు. అందమైన బొమ్మే, కాదనను.

గ్యాంగ్‌మాస్టర్ అనే మాట పాతబడి పోయిందనుకుంటే పొరపాటు. 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండు వాయవ్య తీరంలో మోర్‌కాంబ్ బే అనే చోట, ఆటుపోట్ల సమయం తెలియకుండా గవ్వచేపలు ఏరడానికి దించిన చైనా కూలీలు కనీసం 21 మంది అలల్లో మునిగి చనిపోయారు. ఆ ఏడాదే గ్యాంగ్‌మాస్టర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ పార్లమెంటు మళ్లీ చట్టం చేసింది. చట్టం పేరులో అదే పాత మాట.

దడి కొట్టేవాడు పార్లమెంటుకు

టర్నర్ బొమ్మలో దడి కట్టే కూలీకి పేరు లేదు. కానీ అదే పని చేసిన ఒకాయన పేరు చరిత్రకెక్కింది. జోసెఫ్ ఆర్చ్. 1826లో వార్విక్‌షర్‌లోని బార్‌ఫర్డ్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు మొదటి పని, చేలో పిట్టలు తోలడం. రోజుకు పన్నెండు గంటలు, నాలుగు పెన్నీలు. పెద్దయ్యాక దడులు కొట్టి తీర్చిదిద్దడంలో అతన్ని మించినవాడు లేడనిపించుకున్నాడు. పని వెతుక్కుంటూ జిల్లాలు తిరిగాడు. ఎక్కడ కూలి ఎంతో, ఎక్కడ ఎలా బతుకుతున్నారో కళ్లారా చూశాడు.

1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బోర్న్ అనే ఊళ్లో మాట్లాడమని కూలీలు పిలిస్తే వెళ్లాడు. ఏ ముప్పై మందో వస్తారనుకుంటే, చలికాలపు చీకట్లో వందల మంది చెట్టు కింద గుమిగూడారు. కర్రలకు లాంతర్లు కట్టి పట్టుకున్నారు. ఆర్చ్ ఒక బల్ల ఎక్కి మాట్లాడాడు. అదే ఏడాది వ్యవసాయ కూలీల జాతీయ సంఘం పుట్టింది. మరుసటి ఏడాది తనవాళ్లకు బతుకుదెరువు దొరుకుతుందేమో చూసి రావడానికి కెనడా వెళ్లాడు. 1884లో పల్లె కూలీలకు ఓటు హక్కు వచ్చింది. 1885లో ఆర్చ్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. గెలిచింది ఎక్కడి నుంచంటే, క్రోమ్ బొమ్మలు వేసిన నార్ఫోక్ జిల్లా నుంచే. అక్కడి సాండ్రింగ్‌హామ్‌లో ఇల్లున్న యువరాజు కూడా ఆయన నియోజకవర్గం కిందికే వచ్చేవాడు.

లాంతర్ల వెలుగు, చీకటి చెట్టు, కింద వందల ముఖాలు. నలుపు తెలుపులతో ఆడుకునే ఎచింగ్ కళకు ఇంతకంటే మంచి దృశ్యం ఏముంటుంది? నేను తిరగేసిన పెట్టెల్లో మాత్రం ఆ రాత్రి బొమ్మ కనపడలేదు.

యూకేలో ఉన్నవాళ్లు ఈ బొమ్మలను చూడొచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అచ్చు బొమ్మల గదికి మాత్రం ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. ఏ బొమ్మ కావాలో చెబితే పెట్టెలో పెట్టి బల్ల దగ్గరికే తెచ్చిస్తారు. క్రోమ్ కోసం అయితే నార్విచ్ కోటలోని మ్యూజియానికి, పామర్ కోసం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్‌కు వెళ్లొచ్చు. గల్ఫ్‌లోనో మలేసియాలోనో ఉన్నవాళ్లకు కూడా దారి ఉంది. క్రూక్‌షాంక్ బొమ్మను బ్రిటిష్ మ్యూజియం తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే, పారబోస్తున్న గోధుమలకు అవతలగా, పిల్లలతో నిలబడ్డ ఆ మనిషి కనిపిస్తాడు.